మేడం, మీరు కనిపించడం లేదు

మా ఆడపడుచు సోషల్ టీచరు. బడిలో పిల్లలు ఆమెకు పెట్టిన పేరు గ్లోబు టీచరు. చేతిలో ఎప్పుడూ గ్లోబు పట్టుకుని తిరుగుతుందని కాదు. బడిలో ఉన్న ఒక్క గ్లోబు ఇరుసు విరిగి ఎప్పుడో బీరువా ఎక్కింది. ఈమె ఒకచోట నిలబడదు, అందుకని ఆ పేరు. పాఠం మొదలుపెట్టేది నల్లబల్ల దగ్గర. రెండో మాటకు బల్లల మధ్య ఉంటుంది, మూడో మాటకు వెనక కిటికీ దగ్గర తేలుతుంది. ఒక్కోసారి చెబుతూ చెబుతూ వరండాలోకి వెళ్లిపోతుందట, పిల్లలంతా మెడలు తిప్పుకుని వింటారట. గోల చేసేవాడికి తన వెనక ఎప్పుడొచ్చి నిలబడుతుందో తెలియదు కాబట్టి ఆ క్లాసులో ఎవడూ గోల చేయడు.

ఇంట్లోనూ అంతే. అన్నం నిలబడే తింటుంది. ఫోను మాట్లాడుతూ పెరట్లో బట్టల తాడు కింద ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తుంది. పెళ్లి ఊసెత్తితే చాలు, బస్సు టైమైందని చెప్పులేసుకునేది, అది ఆదివారమైనా సరే. అలా నలభై దాటించేసింది. ఉద్యోగం ఈ ఊళ్లో వచ్చినప్పుడు నాలుగు రోజులుంటానని మా ఇంటికి వచ్చింది. ఇక్కడే ఉండిపోయింది. కదులుతూ ఉండే మనిషి కదలకుండా ఉన్నది ఆ ఒక్క విషయంలోనే.

మా ఆయనకు చెల్లెలంటే ప్రాణం. ఆయన ఎలక్ట్రీషియన్. సాయంత్రం పని సంచి తలుపు వెనక మేకుకు తగిలించి, "ఏమే గ్లోబూ, ఇవాళ ఎన్ని చుట్లు తిరిగావ్?" అని అడిగేవారు. "నువ్వెక్కిన నిచ్చెనలకన్నా తక్కువేలే అన్నయ్యా" అనేది. ఇద్దరివీ ఒకే ముక్కు, ఒకే దట్టమైన కనుబొమలు. ఇద్దరికీ కంటి కింద పుట్టుమచ్చ ఉండేది, ఆయనకు కుడి చెంపన, ఆమెకు ఎడమ చెంపన. వీళ్లిద్దరినీ ఎదురెదురుగా నిలబెడితే అద్దం కొనే పని లేదని మా అత్తగారు నవ్వేవారు.

పోయిన వానాకాలంలో ఒక సాయంత్రం ఆయన పని నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని మంచం మీద వాలారు. మళ్లీ లేవలేదు. సంచి మేకుకే ఉండిపోయింది.

ఆ తర్వాత ఇంట్లో ఇద్దరం మిగిలాం. నేను కూర్చుంటే లేవలేను, ఆమె లేస్తే కూర్చోలేదు. ఆయన గది తలుపు నేను దగ్గరగా వేసి ఉంచాను. ఊడవడానికి మాత్రం వెళ్లేదాన్ని. ఆమె ఆ తలుపు ముందు నుంచి నడిచినప్పుడల్లా అడుగు తొందరగా వేసేది.

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం బడి నుంచి చరచరా వచ్చి చేతిసంచి కుర్చీలో పడేసింది.

"వదినా, నా కొంప మునిగింది. ఆన్‌లైన్ ట్రైనింగంట. సోషల్ టీచర్లందరూ చేయాలంట. ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చోవాలి, కెమెరా ఆపకూడదు."

"కూర్చుంటే సరిపోయె" అన్నాను.

"కూర్చోవడమే కదా నా వల్ల కానిది! చివర్లో ఒక నమూనా పాఠం చెప్పాలి. అందులో పాసైతేనే వచ్చే ఏడాది సోషల్ నాకు ఉంటుంది. లేదంటే పెద్ద మేడం నన్ను లైబ్రరీలో కూర్చోబెడుతుంది. పుస్తకాల మీద ముద్రలు కొట్టుకుంటూ, సాయంత్రం దాకా ఒకే కుర్చీలో! సోషల్ క్లాసులు లెక్కల సారు చెబుతాడంట. ఆయనకు నది ఎటు పారుతుందో తెలీదు, తూము లెక్కలు తప్ప."

పెద్ద మేడం అంటే వాళ్ల హెడ్‌మిస్ట్రెస్. ఆమె చెడ్డదేం కాదు, కానీ గీసిన గీత దాటే మనిషీ కాదు. మా ఆడపడుచు నిలువునా కుంగిపోయింది. నాకూ భయం వేసింది. ఆ పిల్లలు, ఆ బల్లల మధ్య నడక కూడా పోతే ఈమె ఏమైపోతుందా అని.

బడి వాళ్లు ఒక లాప్‌టాప్ ఇచ్చి పంపారు. ఇక ఇంట్లో చోటు వెతకడం మొదలైంది. ముందు గదిలో పెడితే వెనకాల బట్టల బీరువా కనిపిస్తోంది. వంటింట్లో పెడితే కుక్కరు కూత. వరండాలో సిగ్నల్ రాదు. వెనక ఖాళీ గోడ ఉండాలని శిక్షణ ఇచ్చే మేడం గట్టిగా చెప్పిందట. మా ఇంట్లో ఖాళీ గోడ ఉన్న గది ఒక్కటే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరం ఆ పేరు ఎత్తలేదు. ఆమె లాప్‌టాప్‌ను పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఇల్లంతా తిరిగింది. చివరికి నేనే లేచి ఆయన గది తలుపు తీశాను.

"మంచం ఇటు జరుపుదాం, పట్టు" అన్నాను.

మంచం కోళ్లు నేల మీద కీచుమన్నాయి. మంచం ఉన్నచోట గోడ మిగతా గోడకన్నా తెల్లగా ఉంది. ఆమె అటు చూసి, వెంటనే ఎక్స్‌టెన్షన్ బోర్డు వెతకడానికి వెళ్లిపోయింది. అదీ ఆయన చేసిందే.

సాయంత్రాలు క్లాసులు మొదలయ్యాయి. తెరనిండా చిన్న చిన్న గళ్లు, ఒక్కో గడిలో ఒక్కో టీచరు. ఒకావిడ వెనక పిల్లి నడుస్తుంది. ఒకాయన తల కనిపించదు, ఫ్యాను మాత్రమే కనిపిస్తుంది. తల నెరిసిన ఒక మాస్టారు ఎప్పుడూ మాట్లాడుతూనే ఉంటారు, పెదాలు ఆడతాయి, చేతులు ఆడతాయి, మాట మాత్రం వినిపించదు. "మాస్టారూ, మీరు మ్యూట్‌లో ఉన్నారు" అని శిక్షణ మేడం రోజూ చెబుతుంది. ఆయన ఏదో నొక్కుతారు, కెమెరా పోతుంది. మ్యూట్ మాస్టారని అందరూ ఆయనకు పేరు పెట్టేశారు.

మా ఆడపడుచుకు వచ్చే మాట వేరు. "మేడం, మీరు కనిపించడం లేదు."

ఆమె కుర్చీలో ముళ్లున్నట్టు కదిలేది. కాసేపటికి లేచి కిటికీ దాకా వెళ్లి వచ్చేది. చరిత్ర పాఠాన్ని కథలా ఎలా చెప్పాలి, తేదీలు బట్టీ పట్టించకుండా పిల్లల చేత ఎలా ప్రశ్నలడిగించాలి, ఇంట్లో పెద్దవాళ్ల జ్ఞాపకాల నుంచి ఊరి చరిత్ర ఎలా రాబట్టాలి, ఇవన్నీ శిక్షణ మేడం నెమ్మదిగా చెబుతుండేది. ఈమెకు అవన్నీ ఇష్టమే. ఇష్టమైన మాట వినబడగానే లేచి నిలబడేది, అదీ చిక్కు. "బాగా చెప్పారు మేడం!" అని మెచ్చుకునేది గది అవతల మూల నుంచి.

"మేడం, మీరు కనిపించడం లేదు."

"వచ్చే, వచ్చే, వచ్చేశా!"

చివరికి నేను కుర్చీకి ఈ పక్కొక ముక్కాలిపీట, ఆ పక్కొక ముక్కాలిపీట అడ్డం పెట్టాను.

"దొడ్లో కట్టేశావా వదినా?"

"పాల పొంగు ఆపే ఓపిక నాకుంది, నీ కాళ్లు ఆపే ఓపిక లేదు. కూర్చో."

నేను కూడా కూరగాయల పళ్లెం తెచ్చుకుని ఆ గదిలోనే కూర్చునేదాన్ని, కెమెరాకు అందకుండా పక్కన. కూర తరిగేదానికి వంటింట్లో చోటు లేకనా? కాదు. మొదటి రోజే ఆ తెర మీద ఒకటి చూశాను. మాటలు లాప్‌టాప్‌లోంచే వస్తాయి గానీ, మైకు కోసం ఆమె హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే జుట్టంతా వెనక్కి అణిగిపోయి మొహం ఒక్కటే మిగులుతుంది. అందరి గళ్లతోపాటు ఆమె గడి కూడా ఉంటుంది కదా, ఆ గడిలో పుట్టుమచ్చ ఇటు కాక అటు, ఆయనకున్న వైపు ఉంది. వెనక ఆ తెల్లని గోడ. ఆయనే కూర్చుని, కనుబొమలు ముడిచి ఎవరో చెప్పేది వింటున్నట్టు ఉంది. కత్తిపీట ముందు పట్టుకున్న కాయ నా చేతిలో అలాగే ఉండిపోయేది. ఆమెకు నేనేమీ చెప్పలేదు. చెబితే ఏమంటుందోనని కాదు, చెబితే ఆ బొమ్మ పోతుందేమోనని.

నమూనా పాఠం రోజు రానే వచ్చింది. మిగతా టీచర్లే ఆరో తరగతి పిల్లల్లా కూర్చుంటారు. పాఠం నడుస్తుండగా ఎవరూ నోరెత్తకూడదు, శిక్షణ మేడం కూడా మాట్లాడదు. మా ఆడపడుచు ఎంచుకున్నది దిక్కులు, పటం చదవడం. మా ఊరి పటం గీసి చెబుతానంది. ఆ పటం ఆమెకు నిద్రలో కూడా వస్తుంది. పడమట కొండలు, నడుమ స్టేషను, నది మెలికలు తిరుగుతూ వెళ్లి తూర్పున సముద్రంలో కలవడం. ఎప్పుడో ఆయన నల్లరంగు పూసిచ్చిన చెక్కపలకను గోడకు ఆనించి, ముక్కాలిపీటల మధ్య నిలబడింది.

మొదలు బాగానే ఉంది. సుద్దముక్కతో నదిని ఒక్క గీతలో గీసింది. సముద్రం అలలు గీసింది. గీసి, వెనక్కి తిరిగి తెర చూసుకుంది. అంతే, రాయిలా నిలబడిపోయింది.

ఆమె గడిలో సముద్రం ఎడమ వైపు ఉంది. కొండలు కుడి వైపు ఉన్నాయి. పటంలో తూర్పు కుడి వైపు కదా ఉండాలి! పలక మీద సరిగ్గానే ఉంది, తెర మీద తారుమారుగా ఉంది. వాళ్లందరికీ తారుమారుగానే కనిపిస్తోందనుకుంది. సోషల్ టీచరు పటంలో తూర్పును పడమర చేస్తే ఇంకేముంది! గుడ్డ తీసుకుని మొత్తం తుడిచేసింది. ఈసారి తెర చూసుకుంటూ అన్నీ తిప్పి గీసింది. సముద్రం పలక మీద ఎడమకు వెళ్లింది, తెర మీద కుడికి వచ్చింది. తృప్తిగా తలాడించింది. పేర్లు రాయబోతే అక్షరాలు కూడా తెర మీద తిరగబడ్డాయి. పెదవి కొరుక్కుంటూ, తెర చూస్తూ, ఒక్కో అక్షరాన్నీ వెనక నుంచి ముందుకు చెక్కింది. తెర మీద 'తూర్పు' చక్కగా వచ్చింది. పలక మీద చూస్తే నాకే కళ్లు తిరిగాయి.

మ్యూట్ మాస్టారు తన గడిలో రెండు చేతులూ అడ్డంగా ఊపుతున్నారు, నోరు గబగబా ఆడుతోంది. ఆయన ఎప్పుడూ అంతే కదా అని ఎవరూ పట్టించుకోలేదు. ఈమె ఆయనకేసి చూసి, చప్పట్లు కొడుతున్నారనుకుని నవ్వింది కూడా.

టైం అయిపోయింది. శిక్షణ మేడం గొంతు సవరించుకుంది.

"మేడం, మీ ఊళ్లో సూర్యుడు ఎటు ఉదయిస్తాడు?"

"తూర్పునండీ."

"మాకు కనబడిన పటంలో సముద్రం ఎడమ వైపుంది. అక్షరాలు ఒక్కటీ చదవడానికి రాలేదు."

తెర మీద ఎవరో కిసుక్కుమన్నారు. విషయం అప్పుడు తేలింది. మన బొమ్మ మనకు అద్దంలోలా కనిపిస్తుందట, అవతలివాళ్లకు ఉన్నదున్నట్టే కనిపిస్తుందట. మొదట గీసిన పటమే సరైనది. ఆమె దాన్ని తుడిచి, కష్టపడి తప్పు చేసింది.

"వచ్చే వారం మరొక్క అవకాశం ఇస్తాను. అదే ఆఖరు" అంది శిక్షణ మేడం. "మిమ్మల్ని మీరు చూసుకోకండి. మమ్మల్ని చూసి చెప్పండి."

లాప్‌టాప్ మూసేసి మా ఆడపడుచు పెరట్లోకి పోయింది. తాడు కింద నడక. అటు, ఇటు. ఆరేసిన బట్టలు మొహానికి తగులుతున్నా తప్పించుకోలేదు. నేను టీ పట్టుకెళితే అందుకోకుండానే నడిచింది, నేనూ గ్లాసు పట్టుకుని వెంట నడిచాను.

"సుబ్బరంగా గీసింది తుడుచుకున్నాను వదినా. పిల్లలకు నేను ఏం చెబుతాను? మీరు గీసింది మీరు నమ్మండ్రా అంటాను. నన్ను నేనే నమ్మలేదు."

"పోనీలే, కిటుకు తెలిసిందిగా. ఈసారి చూసుకోకుండా చెప్పు."

వారమంతా అదే సాధన. బడి నుంచి రాగానే గదిలోకి వెళ్లేది, కెమెరా పెట్టేది, నేను ఆరో తరగతి పిల్లనై కూర్చునేదాన్ని. నది గీస్తుంది, బాగుంటుంది. మాట మధ్యలో కళ్లు తెర మీదికి పోతాయి. చేయి ఆగుతుంది. సముద్రం దగ్గర తడబడుతుంది. 'కుడి' అనబోయి 'ఎడమ' అంటుంది. రోజురోజుకూ మెరుగవ్వాల్సింది పోయి అధ్వానమైంది.

"అటు చూడకే తల్లీ!" అన్నాను విసుగొచ్చి.

"చూడకుండా ఉండలేను."

"ఏముంది అక్కడ? రోజూ అద్దంలో చూసుకునే మొహమేగా."

సుద్దముక్కను వేళ్లతో నలుపుతూ నిలబడింది. ఆమె కాళ్లు కదలకుండా ఉండడం చాలా రోజులకు చూశాను.

"అద్దంలో నేను చూసుకునేది దువ్వెన చేతిలో పెట్టుకుని వదినా, జడ అయిందా లేదా అని. ఇక్కడ అలా కాదు. పాఠం చెబుతూ తల తిప్పేసరికి అన్నయ్య కూర్చుని వింటున్నట్టు ఉంటాడు. చిన్నప్పుడు నేను టీచరాట ఆడితే వినేది అన్నయ్య ఒక్కడే. ఎన్నిసార్లు చెప్పినా విసుక్కోకుండా వినేవాడు." నా వైపు చూడకుండా అంది, "నీకు నవ్వొస్తుందేమో."

నాకు నవ్వు రాలేదు. పళ్లెంలో గింజలు వేళ్లతో అటూ ఇటూ తోశాను.

"నాకెందుకు నవ్వొస్తుంది? నేనిక్కడ కూర్చుని కూర తరుగుతున్నది ఎందుకనుకున్నావ్?"

ఆమె చప్పున నా వైపు తిరిగింది. "నీకూ కనబడ్డాడా?"

"మొదటి రోజు నుంచీ."

ఇద్దరం ఏడవలేదు. ఆమె వచ్చి మంచం అంచున కూర్చుంది, నా పక్కన, నిమ్మళంగా. తెర మీద ఆ గడిలో ఖాళీ గోడ ఒక్కటే ఉంది.

"లైబ్రరీలో కూర్చోబెడితే నేను చచ్చిపోతాను వదినా" అంది కాసేపటికి.

"తెలుసు" అన్నాను.

రెండోసారి నమూనా పాఠం చెప్పాల్సిన సాయంత్రం ఆమె పలక తుడిచి, సుద్దముక్క పట్టుకుని, మళ్లీ తుడిచి, మళ్లీ సుద్ద మార్చి తిరుగుతోంది. ఇంకాసేపట్లో మొదలు. తెర మీద గళ్లు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. ఆమె చూపు అప్పుడే ఆ గడి మీదికి పోయింది, అక్కడే అతుక్కుంది. నేను లేచి తలుపు వెనక మేకు నుంచి ఆయన సంచి దించాను. అన్నాళ్ల తర్వాత మొదటిసారి జిప్పు లాగాను. స్క్రూడ్రైవర్ల కింద నల్లటేపు చుట్ట ఉంది. ఆయన కత్తెర వెతుక్కునేవారు కాదు, పంటితో తుంచేవారు. నేనూ అలాగే తుంచాను. పెదవికి రబ్బరు వాసన తగిలింది.

తెర దగ్గరికి వెళ్లి వంగాను. ఆ గడిలో ఆమె, నన్నే చూస్తోంది. ఆయనా నన్నే చూస్తున్నట్టు ఉంది. వేలు కాస్త ఆగింది. అప్పుడు టేపును ఆ మొహం మీద అడ్డంగా అంటించి, అంచులు గోటితో నొక్కాను. ఇంకో ముక్క తుంచి దాని పక్కన అంటించాను.

"వదినా" అంది.

"ఆయన విన్నది చాలు. వాళ్లు వింటారు, చెప్పు."

శిక్షణ మేడం మొదలుపెట్టమంది. ఆమె కళ్లు అలవాటుగా తెర మీదికి వెళ్లాయి, నల్లటేపుకు తగిలి పక్కకు జారాయి, పిల్లి ఉన్నావిడ మీదికి, ఫ్యాను మీదికి, మ్యూట్ మాస్టారి మీదికి వెళ్లాయి. నది గీసింది. సముద్రం గీసింది, కుడి వైపునే. కొంచెం ఆగింది. గుడ్డ జోలికి పోలేదు.

తర్వాత ముక్కాలిపీటలు ఆమెను ఆపలేకపోయాయి. ఒకదాన్ని మోకాలితో నెట్టేసి ముందుకు వచ్చింది. అయితే ఈసారి పక్కకు పోలేదు, కెమెరా దగ్గరికి వస్తోంది, పలక దగ్గరికి వెళుతోంది. గడిలో పెద్దదవుతోంది, చిన్నదవుతోంది అనుకుంటాను, టేపు వల్ల నాకు కనబడలేదు.

"పొద్దున ఇంటి గడప దిగి బడికి బయలుదేరతారు కదా" అని అడిగింది. "ఎండ మీ ఏ చెంప మీద పడుతుంది? ఎవరు చెబుతారు?"

నోరెత్తకూడదన్న నియమం ఈమే మరిచిపోయింది. అందరూ బిక్కమొహాలు వేశారు. ఉన్నట్టుండి ఒక పెద్ద గొంతు గదంతా నిండింది.

"ఎడమ చెంప మీదమ్మా! అంటే మా బడి నాకు దక్షిణాన ఉన్నట్టు!"

మ్యూట్ మాస్టారు! మాట బయటికి వచ్చిందని ఆయనకే తెలియలేదు, ఆ తర్వాత ఇంట్లో ఎవరినో మంచినీళ్లడగడం కూడా అందరికీ వినిపించింది. శిక్షణ మేడం నియమం సంగతి ఎత్తలేదు. నవ్వాపుకోవడానికి పెన్ను నోటికి అడ్డం పెట్టుకుంది.

కబురు బడికి వచ్చింది. పెద్ద మేడం పిలిచి, వచ్చే ఏడాది కూడా ఆరు, ఏడు, ఎనిమిది సోషల్ నీదే, వరండాలోకి మాత్రం వెళ్లకు అందట. వెళ్లనని ఈమె మాటిచ్చిందట, వరండాలోకి వచ్చాక.

లాప్‌టాప్ తిరిగి ఇవ్వాల్సిన రోజున బడికి బయలుదేరబోతూ గుమ్మంలో ఆగింది.

"వదినా, ఒక్కసారి తెరుద్దామా?"

ఆ గదిలోనే తెల్లగోడ ముందు పెట్టింది. కెమెరా వెలిగాక టేపు అంచు గోటితో లేపింది. జిగురు మరక మిగిలింది, కొంగుతో తుడిచింది. నన్ను కూడా లాగి పక్కన కూర్చోబెట్టింది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని జుట్టు వెనక్కి నెట్టుకుంది. తెర మీద నేను, నా పక్కన ఆయన మొహం. నేను చిక్కిపోయాను. ఆయన అలాగే ఉన్నారు. చూస్తున్నంతలో ఆ కనుబొమలు ముడిపడ్డాయి.

"పాలు పొయ్యి మీద పెట్టావా?" అంటూ హెడ్‌ఫోన్లు పీకేసి వంటింట్లోకి పరుగు తీసింది.

తెర మీద నేనొక్కదాన్నే మిగిలాను. పక్కన తెల్లగోడ. కాసేపు అలాగే కూర్చున్నాను. వంటింట్లో గిన్నె చప్పుడు, కొళాయి చప్పుడు, ఆమె అటూ ఇటూ తిరిగే చప్పుడు. ఆ తర్వాత శిక్షణ మేడంలా గొంతు సవరించుకున్నాను.

"మేడం, మీరు కనిపించడం లేదు."

వంటింట్లో గిన్నె చప్పుడు ఆగింది. ఆమె నవ్వు వినబడింది.

"వచ్చే, వచ్చే, వచ్చేశా!"